హంపు హంపుకూ దిగే మనిషితో చందాపుర దాకా

బెంగళూరు వెళ్ళివచ్చానంటే మా వీధిలో ఎవరైనా మొదట అడిగేది లాల్‌బాగ్ చూశావా అని. చూడలేదు. విధానసౌధ? దాని దరిదాపుల్లోకి కూడా పోలేదు. మరి ఏం చూశావమ్మా అన్ని రోజులు అంటే, హంపులు చూశాను. రోడ్డు మీద అడ్డంగా పోసే మిట్టల్ని ఆ ఊళ్ళో హంపులంటారు. మన దగ్గర బడి ముందర ఒకటి, ఆసుపత్రి ముందర ఒకటి ఉంటాయి. అక్కడ ఎవరింటి ముందు వాళ్ళు ఒకటి పోసుకున్నట్టున్నారు. నా బండికీ, ఆ హంపులకూ, మా ఆయనకూ నడుమ జరిగిన పంచాయితీయే ఈ ప్రయాణం. బస్సులో హాయిగా పోయి వచ్చేవాళ్ళకు ఇందులో పనికొచ్చే సమాచారం తక్కువ. అయినా చెప్తాను. చెప్పకపోతే నాకు తోచదు.

మాది హిందూపురం. నేను చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి చీరలమ్ముతాను. చిన్నప్పుడు పోలియో వచ్చి నా కుడికాలు సన్నబడిపోయింది. మోకాలి పైదాకా ఇనుప పట్టీలున్న బూటు వేసుకుని నాలుగు ఇళ్ళ దూరం నడవగలను. ఆ పైన నన్ను తిప్పేది నా బండే. ఆటోకు ముందు ఒక చక్రం, వెనక రెండు ఉంటాయి కదా, నాది దానికి తిరగేసి. ముందు రెండు, వెనక ఒకటి. పాత మోటారుసైకిలు వెనకభాగం అలాగే ఉంచి, ముందు ఫోర్కు తీసేసి, అక్కడ రెండు చక్రాలు, చక్రానికొక స్ప్రింగు, వాటి నడుమ చీరల మూటకు ఒక రేకుపెట్టె బిగించి ఇచ్చాడు బెంగళూరు యలహంకలో మునియప్ప అనే ఆయన. కాలి బ్రేకు తీసి చేతికి తెచ్చాడు. ఏళ్ళ తరబడి అది ఒక్క మాట అనిపించుకోకుండా నన్ను తిప్పింది.

పోయిన ఏడాది లేపాక్షి దారిలో పెట్టె అడుగు మిట్టలకు గీసుకుంటోందని మా ఊళ్ళో ఒక మెకానిక్కు చేత ముందు స్ప్రింగులు బాగా బిగించి, బండి ముక్కును పైకెత్తించాను. గీసుకోవడం పోయింది, కొత్త జబ్బు పట్టుకుంది. బ్రేకు పట్టినా, హంపు దిగినా బండి ఎడమకు గుంజేస్తుంది. ముందు టైర్లు లోపలి అంచున బోడిగుండ్లయిపోయాయి. ముందు చక్రాలు రెండూ ఒకే దిక్కు చూడాలి. ఒకటి ఇటూ ఒకటి అటూ చూస్తే బండి తడబడుతుంది. ఆ చూపు సరిచెయ్యడాన్నే అలైన్‌మెంటు అంటారు. మా ఊళ్ళో ముగ్గురు చేశారు. ముగ్గురి షాపుల ముందరా బండి బంగారంలా నడిచింది. మూట వేసుకుని ఊరు దాటగానే మొదటికొచ్చింది.

చివరికి గోరంట్ల దారిలో ఒక హంపు దగ్గర నన్నూ మా ఆయన్నూ కలిపి పక్కనున్న గుంతలో వేసింది. నాకేమీ కాలేదు. ఆయనకు భుజం ఎముక చిట్లింది. కట్టు విప్పిన రోజు ఆయన అన్న మాట ఇది: "కట్టిన మునియప్ప దగ్గరికే పోదాం సరోజా. ఆయప్పతో అయితే సరే. కాకపోతే బండి ఆడనే అమ్మేసి బస్సులో వస్తాం. నాకు బండి వద్దు, నువ్వు కావాల."

ఆ మాట మీద పోట్లాడాలని నోటిదాకా వచ్చింది. కట్టు తీసిన భుజం చూసి ఊరుకున్నాను. సరేనన్నాను. బండి పోతే నా గతేమిటో నాకు తెలుసు. కండక్టరు చంకల్లో చెయ్యి వేసి బస్సెక్కిస్తాడు. బస్సు పోని ఊళ్ళన్నీ పోతాయి. ఎవరు ఎప్పుడు వస్తారా, ఎక్కడికి తీసుకుపోతారా అని గడపలో కూర్చోవాలి. పెళ్ళికి ముందు చాలా ఏళ్ళు అలా కూర్చున్నాను. మళ్ళీ నావల్ల కాదు.

దొడ్డబళ్ళాపురం కుర్చీ

బండిని లారీలో వేసి పంపుదామని ఆయన, జబ్బు నడిస్తేనే కదా కనిపించేది అని నేను. నా మొండితనమే గెలిచింది. మూట కూడా పెట్టెలో పెట్టుకున్నాను, యలహంకలో బంధువులకు నాలుగు చీరలు అంటగట్టవచ్చని.

మా ఆయన నాగేంద్ర గురించి రెండు మాటలు చెప్పాలి. పట్టుగూళ్ళ మార్కెట్టులో తూకం దగ్గర పని. మనిషి చెరుకుగడంత సన్నం. నేనో, అడక్కండి. బొరుగుల సంచి ఒకటి భుజానికి తగిలించుకుని, ఒక చేత్తో నా భుజం పట్టుకుని కూర్చుంటాడు. ఆ పట్టుకు సాయంత్రానికి నా భుజం కమిలిపోయేది. గుంతలో పడినప్పటి నుంచి ఆయనకు కొత్త అలవాటు. హంపు కనిపించగానే "నిలుపు నిలుపు" అంటాడు. దిగి, నడిచి హంపు దాటి, అవతల నిలబడి నన్ను రమ్మంటాడు. నేను మెల్లగా దాటిస్తాను. మళ్ళీ ఎక్కుతాడు. గౌరిబిదనూరు దాకా ఇదే వరస. ఒకచోట గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి, "నడిచిపోతే బిన్నా పోతారప్పా" అని, అంటే తొందరగా చేరతారని, ఉచిత సలహా ఇచ్చాడు.

దొడ్డబళ్ళాపురంలో ఏ సందు చూసినా మగ్గాల చప్పుడే. నా వ్యాపారం కాబట్టి నా ప్రాణం అటే లాగింది. ఒక ఇంటి అరుగు మీద ఆరేసిన రాణీ రంగు పట్టుచీర చూసి బండి ఆపాను. అంచు చేత్తో పట్టుకుని చూసి, మా ఊరి ధర చెప్తే ఆ ఇంటామె నవ్వి, లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. చీర మాత్రం ఇవ్వలేదు.

ఆ ఊరి చివర మెకానిక్కు షాపు కనిపిస్తే నాకు ఆశ పుట్టింది. ఇక్కడే బాగైపోతే ఎంత బాగుంటుంది! షాపాయన నా బూటు చూడగానే పరుగున పోయి కుర్చీ తెచ్చాడు. "బన్ని అక్కా, కూత్కొళ్ళి" అని నీడలో వేశాడు. నేను కూర్చునేదాకా పాన ముట్టలేదు. మెకానిక్కులకు నా మీద ఎక్కడలేని మర్యాద. మా ఊళ్ళో ముగ్గురూ అంతే, ముందు కుర్చీ, తర్వాతే పాన. మూట దించి నా పక్కన పెట్టాడు, చీరలకు మసి అంటుకుంటుందని. దారం పట్టి చూసి, రెండు నట్లు తిప్పి, తనే బండెక్కి ఒక చుట్టు తిరిగొచ్చి బొటనవేలు పైకెత్తాడు. దండాలు పెట్టి, మూట ఎత్తుకుని బయల్దేరాం. మొదటి హంపు దగ్గర బండి యథాప్రకారం ఎడమకు గుంజింది. హంపు అవతల నిలబడి చూస్తున్న మా ఆయన ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు కోపం తెప్పించింది.

యలహంక ముగ్గు

యలహంక పాత ఊళ్ళో మా ఆయన చిన్నమ్మ శారదమ్మ ఇల్లు. పెళ్ళయి వచ్చి అక్కడే ముసలిదైంది. మాట తెలుగే, కానీ సగం కన్నడం పోపు పెట్టినట్టుంటుంది. తల మీదుగా విమానం పోయినప్పుడల్లా మాట్లాడుతున్న మాట ఆపి, అది పోయాక అదే మాట దగ్గర మళ్ళీ అందుకుంటుంది. ఆ ఊళ్ళో అందరూ అంతేనట.

రాత్రికి రాగిముద్ద, బస్సారు. మన సంగటే. మనం అన్నం వేసి కెలుకుతాం, వాళ్ళు వట్టి రాగిపిండితోనే చేస్తారు, నమలకుండా మింగాలంటారు. ఆకుకూర ఉడికిన నీళ్ళతో చేసే ఆ బస్సారు మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. మరునాడు హోటల్లో తిన్న బెల్లం సాంబారును తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. సాంబారులో బెల్లమేమిటమ్మా!

మునియప్ప షాపు ఉన్నచోట ఇప్పుడు ఎస్టీడీ బూతు ఉంది. "ఆయప్ప చందాపుర పక్క పోయిబిట్టె కదే! ఆడ ఫ్యాక్టరీలు జాస్తి, పని జాస్తి. ఊరికి ఆ కొసన ఉండాది" అంది శారదమ్మ. మా ఆయన నా ముఖం చూశాడు. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు, అంటే బెంగళూరంతా అడ్డంగా దాటాలి. అందులో ఎన్ని హంపులో!

తెల్లవారి ఇంకో ఘనకార్యం చేశాను. శారదమ్మ గేటు ముందర నేలంతా నిండేలా ముగ్గేసి లోపలికి పోయింది. నేను బండి స్టార్టు చేసి, చూసుకోకుండా దాని మీదుగా రోడ్డెక్కాను. తీరా చూస్తే మందుల సంచి మరిచిపోయాను. రోడ్డుకు అడ్డమని మా ఆయన నన్ను దింపి, తోయడానికి బరువని మూట కూడా దించి, బండిని తోసుకుంటూ మళ్ళీ గేటులోకి తెచ్చాడు. ముగ్గులో మిగిలిన సగం మీదుగా.

"అయ్యో అయ్యో! కండ్లు కనపడలేదామే నీకు? ఒగసారి కాదు, రెండుసార్లు తొక్కేది ఏమి!" శారదమ్మ కేకకు ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు.

తప్పయిపోయిందని చెప్తూనే ముగ్గు వైపు చూశాను. నేను నడిపిన వైపు టైరు జాడలు పిండిని అడ్డంగా గీరి, తడిగుడ్డతో తుడిచినట్టు వెడల్పుగా అలికేశాయి. ఆయన తోసిన వైపు టైరు అచ్చు గీత గీతగా, శుభ్రంగా పడింది. అవే చక్రాలు, అదే ముగ్గు. విచిత్రంగా అనిపించింది. అంతకన్నా ఆలోచించే వీలు లేదు, శారదమ్మ ఇంకా తిడుతోంది. తిడుతూనే దారికని చిత్రాన్నం పొట్లం కట్టింది.

బెళ్ళందూరు బోండాలు

హెబ్బాళ దాటి రింగురోడ్డు పట్టుకున్నాం. ఆ రోడ్డు పొడుగునా అద్దాల మేడలు లేస్తున్నాయి. మేడ పక్కనే రాగిచేను, చేను పక్కనే ఇంకో మేడ. మెడలో కంపెనీ కార్డుల పట్టీలు వేసుకున్న పిల్లలు గుంపులు గుంపులుగా తెలుగులో నవ్వుకుంటూ పోతున్నారు. ఇది మనూరేనా అనిపించింది.

బెళ్ళందూరు దగ్గర పక్కరోడ్డులో ఒక హంపు. మా ఆయన మామూలుగా దిగి, అవతలికి నడిచాడు. నేను దాటిస్తూ బ్రేకు పట్టాను. బండి ముక్కు కిందికి దిగింది, హ్యాండిలు నా చేతుల్లోంచి లాక్కున్నట్టు ఎడమకు తిరిగింది, అక్కడున్న కొబ్బరిబోండాల గుట్టలోకి తిన్నగా దూరింది. బోండాలు రోడ్డంతా దొర్లాయి. ఒకటి బస్సు కింద పడి పగిలింది. బోండాలామె కన్నడంలో మొదలుపెట్టి, తమిళంలోకి పోయి, నా బూటు చూసి ఆగిపోయింది. ఆగిపోయి ఏం చేసిందనుకున్నారు? తను కూర్చునే స్టూలు తెచ్చి నాకేసింది.

మా ఆయన వచ్చి బండి హ్యాండిలు పట్టుకున్నాడు. "ఇంగ చాలు సరోజా. అదే బస్సు నీ మీద వచ్చింటే? ఆడ నిలబడి చూస్తాంటే, రెండు చక్రాలు చెరో దిక్కు చూసినాయి. నేను చూసినా. ఇంగ చాలు."

"చందాపురకు పోదామంటివి కదయ్యా. మాటంటే మాటే. మునియప్ప కాదంటే అప్పుడు అమ్ముదాం." ఏడుపు ఆపుకుంటున్నాను.

దొర్లిన బోండాలు ఏరిపెట్టినవాళ్ళలో మెడపట్టీ పిల్లాడొకడు మా మాటలు విని దగ్గరికొచ్చాడు. ముప్పై లోపు ఉంటాయి. పేరు జాన్సన్, ఒంగోలు. "ఆంటీ, మీకేం కాలేదు కదా? ముందు ఏమన్నా తిందాం రండి" అని పక్క హోటలుకు తీసుకుపోయాడు. అక్కడ అందరూ నిలబడే తింటారు, కుర్చీలుండవు. నాకోసం లోపలి నుంచి ఒకటి మోసుకొచ్చారు. కాఫీ తాగేటప్పుడు 'బై టూ' అని అడిగితే ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసిస్తారు, ఎవరూ ఏమనుకోరు. మన ఊళ్ళో అలా అడిగితే పిసినారి అని పేరు పెడతారు. నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది.

"నేను చదివింది మెకానికల్ ఆంటీ, చేసేది సాఫ్ట్‌వేర్. నాలుగేళ్ళ చదువు ఇవాళే ఫస్ట్ టైం పనికొచ్చేలా ఉంది" అని నవ్వి, బండి కిందికి వంగి చూసొచ్చాడు. బల్ల మీద పెద్ద గరిటె, చిన్న చెంచా పక్కపక్కన పెట్టాడు. "చూడండి. ఈ పొడుగుది చక్రాన్ని మోసే చెయ్యి. ఈ పొట్టిది చక్రాన్ని తిప్పే రాడ్డు. స్ప్రింగు దిగితే రెండూ ఒకేసారి పైకి లేస్తాయి." పిడి చివరలు కదలకుండా వేలితో నొక్కి, రెండింటినీ ఒకేసారి పైకి లేపాడు. వాటి కొసల మధ్య సందు పెరిగింది. "పొట్టిది ఎక్కువ వంపు తిరుగుతుంది. అందుకే సందు వస్తోంది. ఆ సందే వీల్‌ని తిప్పేస్తుంది, మీరు హ్యాండిల్ తిప్పకపోయినా."

"అంటే బండి ఎత్తు మారితే చక్రం చూపు మారుతుందా?"

"అంతే ఆంటీ! సస్పెన్షన్ ముట్టుకున్నారంటే అలైన్‌మెంట్ మళ్ళీ చూసి తీరాలి."

"చూశారు నాయనా! మా ఊళ్ళో ముగ్గురు చూశారు, నిన్న దొడ్డబళ్ళాపురంలో ఒకాయన చూశాడు!"

జాన్సన్ తల గోక్కున్నాడు. "మరి ఎందుకు నిలబడట్లేదో నాకూ తెలీట్లేదు" అని నిజం ఒప్పుకున్నాడు. తెలియనిది తెలియదన్నందుకు ఆ పిల్లాడి మీద నాకు ముద్దొచ్చింది. మూటలోంచి ఒక చీర తీసి వాళ్ళమ్మకు ఇవ్వమన్నాను. పగిలిన బోండాం డబ్బులు వాడే ఇచ్చేశాడు, నన్ను తియ్యనివ్వలేదు.

చందాపుర

మునియప్ప ముసలివాడయ్యాడు కానీ గొంతు తగ్గలేదు. మా బండి చప్పుడు విని షెడ్డులోంచి బయటికొచ్చాడు. "ఎవురబ్బా... సరోజమ్మా! బండి ఎట్లుండాది? ఏ తాయీ, కుర్చీ తేవే!"

ఆయన భార్య తాయమ్మ కుర్చీ తెచ్చింది, కొంగుతో తుడిచి వేసింది, కాఫీ పెట్టడానికి పోయింది. మునియప్ప మూట దించి నా ఒళ్ళో పెట్టి, పని మొదలుపెట్టాడు. నేను మా కథంతా చెప్పాను. అంతా వింటూ ఒక వెదురుపుల్ల తీసి, రెండు చక్రాల ముందువైపు అంచుల నడుమ బిగుతుగా పట్టేట్టు కోశాడు. అదే పుల్లను చక్రాల వెనకవైపు పెట్టి చూపించాడు. అక్కడ ఒక నూలంత వదులుంది. "చూడు. ముందర రవ్వంత లోపలికి, ఎనక రవ్వంత బయటికి. ఇట్లే ఉండాల. నాకేమీ తప్పు కనపడలేదమ్మా" అన్నాడు. తనే ఎక్కి రోడ్డు మీద రెండు హంపులు దాటించుకుని వచ్చాడు. ఆయనా మా ఆయన మాదిరి సన్నటి మనిషే. "చూస్తివా? చెయ్యి వదిలిపెట్టినా తిన్నగా పోతాది. రోడ్లు సరిగ లేవు, అంతే."

మా ఆయన మెల్లగా అడిగాడు: "అన్నా, ఈ బండిని ఈడ ఎవురన్నా తీసుకుంటారా?"

మునియప్ప ట్యాంకు మీద చెయ్యి వేశాడు. "ఇంజిను బాగుండాది. పక్క పాతఇనుము గుజిరీ షాపాయన అడిగితే ఇస్తాడు ఏమన్నా" అన్నాడు. ఆయన కట్టిన బండి అది, ఆ మాట అనడానికి ఆయనకూ మనసొప్పినట్టు లేదు.

ఒళ్ళో మూట, చేతిలో కాఫీ, కింద తుడిచి వేసిన కుర్చీ. ఎంత మర్యాదగా నా కాళ్ళు తీసేస్తున్నారు వీళ్ళు అనిపించింది. అప్పుడే శారదమ్మ ముగ్గు కళ్ళ ముందుకొచ్చింది. నేను కూర్చుంటే అలికిన జాడ. ఖాళీగా తోస్తే శుభ్రమైన జాడ.

"మునియప్పన్నా, మొదట ఈ బండి కట్టినప్పుడు నన్ను ఎక్కడ కూర్చోబెట్టినావు?"

"యాడ? బండిమీదే. హ్యాండిలు నీ చేతికి అందుతాదా లేదా అని చూడొద్దా? నువ్వు కూసోనుండగానే అన్నీ బిగిస్తి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నువ్వు గిరాకీ అయితివి. కుర్చీలో కూసోబెడితిమి."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాను. "పుల్ల ముందువైపు పెట్టు. పెట్టి అట్లే వదిలెయ్" అన్నాను. మూటను పెట్టెలో వేయించి, హ్యాండిలు పట్టుకుని బండెక్కి కూర్చున్నాను. స్ప్రింగులు కిర్రుమన్నాయి. బండి ముక్కు కిందికి దిగింది. చక్రాల నడుమ బిగించిన వెదురుపుల్ల టప్పున నేలమీద పడింది.

మునియప్ప పుల్ల తీసి వెనకవైపు పెట్టబోయాడు, అక్కడ పట్టలేదు. ముందు విచ్చుకుంది, వెనక ముడుచుకుంది. "అబ్బబ్బా! నాలుగైదు మంది చూసి, ఒగరు కూడా నిన్ను ఎక్కించి చూడలేదా?" అన్నాడు. "నువ్వు చూశావా?" అన్నాను. ఆయన నవ్వాడు, నుదుటి మీద కొట్టుకున్నాడు.

ఆయనకు అసలు సంగతి అప్పుడు అర్థమైంది. స్ప్రింగులు బిగించి ముక్కు పైకెత్తగానే, తిప్పే రాడ్లు పక్కకు సమంగా ఉండేవి ఏటవాలు అయ్యాయి. ఏటవాలు రాడ్డుకు బండి కొంచెం దిగినా చాలు, చక్రం తిరిగిపోతుంది. ఆ పైన అందరూ ఖాళీ బండికి చూపు సరిచేశారు. ఖాళీ బండి ఊరేగేది షాపు ముందర మాత్రమే. పైగా కుడికాలు ఆనించలేను కాబట్టి నేను ఎప్పుడూ ఎడమకు ఒరిగి కూర్చుంటాను, ఎడమ స్ప్రింగు ఇంకా ఎక్కువ దిగుతుంది. అందుకే ఆ ఎడమ గుంజుడు. స్ప్రింగులు మళ్ళీ వదులు చేసి, నేను ఎక్కినప్పుడు రాడ్లు సమంగా పడుకునేట్టు చేసి, అప్పుడు చూపు సరిచెయ్యాలి. పెట్టెను మాత్రం వేరే క్లాంపులతో పైకి జరపాలి. గీసుకునేది పెట్టె కదా, దానికోసం బండినంతా ఎత్తడమెందుకు?

అంతా చెప్పి, మునియప్ప పాన పట్టుకుని నిలబడిపోయాడు. కిందికి వంగడు.

"ఏమన్నా?"

"ఎట్లమ్మా... చీర కట్టుకున్న ఆడమనిషి పైన కూసోనుంటే, నేను కింద దూరి పండుకునేది? దారిన పోయేవాళ్ళు ఏమంటారు?"

నాకు నవ్వాగలేదు. ఇన్నాళ్ళూ ప్రతి షాపులో పరుగున వచ్చిన కుర్చీ వెనక జాలి ఒక్కటే ఉందనుకున్నాను, సిగ్గు కూడా ఉంది. తాయమ్మ లోపలికి పోయి, పెద్ద కంబళి తెచ్చి నా నడుం నుంచి పాదాల దాకా కప్పి, అంచులు బండి కిందికి చెక్కింది. "ఇంగ దూరు. ఇంత వయసొచ్చినాక నీకేం సిగ్గు!" అంది మొగుడితో.

"సార్ కూడా ఎక్కాల" అన్నాడు మునియప్ప కింద నుంచి. "ఇద్దురూ పోయేది కదా దీనిమీద."

మా ఆయన వెనకా ముందూ ఆడాడు. "నేను హంపుల కాడ దిగిపోతా కదన్నా" అన్నాడు. తాయమ్మ చూపు చూసి ఎక్కాడు. అలా మేమిద్దరం, మూటతో, కంబళితో, ఫోటో స్టూడియోలో మాదిరి కదలకుండా కూర్చున్నాం. షిఫ్టు ముగించుకుని ఇళ్ళకు పోతున్న ఫ్యాక్టరీవాళ్ళు నిలబడి చూసి పోయారు. ఒకామె నాకు దండం కూడా పెట్టింది, ఎందుకో తెలీదు. ఊపిరి గట్టిగా పీల్చినా కింద నుంచి "కదలొద్దండి!" అని కేక. చివరికి మునియప్ప పుల్ల ముందువైపు పెట్టాడు. పట్టింది. వెనకవైపు పెట్టాడు. ఒక నూలంత వదులు.

ఆ సాయంత్రం వాళ్ళ వీధిలో మూటతో సహా నేనే నడిపి చూశాను. హంపు మీద బ్రేకు పట్టాను. ముక్కు దిగింది, లేచింది, హ్యాండిలు చేతిలో కదల్లేదు. నేను గట్టిగా అరిచాను సంతోషంతో. వెనక్కి చూస్తే మా ఆయన హంపు ఇవతలే దిగి నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, ఇంకా నమ్మకం లేదా?"

"ఇంటికి పోయినాక చెప్తా" అన్నాడు. నా సంతోషమంతా నీరు కారిపోయింది. చక్రాలకు పుల్ల పెట్టి సరిచేశారు సరే, మనిషి భయానికి ఏ పుల్ల పెట్టాలి?

మళ్ళీ యలహంక

మరునాడు ఊరంతా అడ్డంగా దాటి వెనక్కి వచ్చాం. హంపు హంపుకూ దిగాడు, హంపు హంపుకూ ఎక్కాడు. భుజం మీద పట్టు సడలలేదు. బెళ్ళందూరులో బోండాలామె నన్ను దూరం నుంచే చూసి గుట్ట ముందర రెండు చేతులూ చాపి నిలబడింది. నేను ఆగి రెండు బోండాలు తాగి, తిన్నగా బండి పోనిస్తే నోరు తెరుచుకుని చూసింది.

శారదమ్మకు రాత్రి కథంతా చెప్పాను. పొద్దున బయల్దేరబోతుంటే గేటు ముందర ముగ్గు. మొన్నటికన్నా పెద్దది. పక్క నుంచి పోవడానికి అంగుళం జాగా లేదు. నేను ఆగిపోయాను.

"చూస్తావేమి? దానిమీదే పో" అంది శారదమ్మ. "నీ మొగున్ని కూడా ఎక్కించుకోని పో. చూడల్ల నేను."

పోయాను. విమానం పోతోంది, ఏమీ వినబడలేదు. తిరిగి చూస్తే ముగ్గులోని తామరపూల నడుమ నుంచి టైరు అచ్చులు గీత గీతగా, అలక్కుండా పోయాయి. శారదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, తలూపింది. మా ఆయన కూడా మెడ తిప్పి చాలాసేపు చూశాడు.

దొడ్డబళ్ళాపురం రోడ్డెక్కగానే మొదటి హంపు కనిపించింది. అలవాటు ప్రకారం బండి ఆపాను. వెనక కదలిక లేదు.

"ఏమ్మే, ఎందుకు నిలిపితివి?"

"దిగుతావు కదా."

"ఎవురు చెప్పినారు? పోనీ."

నేను ఏమీ అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటాడేమోనని భయం. మెల్లగా పోనిచ్చాను. బండి మూటతో, నాతో, ఆయనతో కలిసి పైకెక్కి, కిందికి దిగి, తన దారిన తాను తిన్నగా పోయింది. హంపు దాటాక తెలిసింది, నా భుజం మీద ఆయన చెయ్యి లేదు. అద్దంలో చూశాను. సంచిలో చెయ్యి పెట్టి బొరుగులు వెతుక్కుంటున్నాడు.